అత్త పెట్టిన పథ్యం

“గుడ్డు ఈ ఇంట్లో పొయ్యెక్కిందంటే నేను గడప దిగిపోతా. ముందే చెబుతున్నా” అంది కోటేశ్వరమ్మ. వంటింటి గుమ్మానికి అటో చెయ్యి ఇటో చెయ్యి ఆనించి అడ్డంగా నిలబడింది, డెబ్భై దాటిన మనిషి.

ఎదురుగా మనవరాలు శ్రీరమ్య. చేతిలో అట్ట ట్రే నిండా గుడ్లు.

“పక్కకి జరుగు నాయనమ్మా.”

“జరగను.”

“డాక్టరు చెప్పాక కూడానా?”

“డాక్టరు ఒళ్ళు చూశాడు. ఇల్లు చూసేది నేను. మందు ఒంట్లో తిరుగుతుండగా గుడ్డు పెడతారంటే ఎవురన్నా? మా తాతల నాడు ఇట్టాంటిది వినలేదు.”

“మీ తాతల నాడు ఈ ఇంజెక్షనూ లేదు.”

“అదే నేననేదీ! లేని మందు తెచ్చింది నువ్వు. పథ్యం తప్పమనేదీ నువ్వే.”

హాల్లో మంచం మీద పడుకున్న శివపార్వతికి ఇదంతా వినపడుతూనే ఉంది. వినపడకుండా ఉంటే బాగుండుననుకుంది. నిన్న ఒంగోలు ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పోరు. ఆమె నోట్లోకి ఏం పోవాలో ఇంటిల్లిపాదీ మాట్లాడుతున్నారు, ఆమె తప్ప. మాట్లాడే ఓపిక ఆమెకి లేదు. కళ్ళు తెరిచి ఉంచడానికే ఓపిక చాలడం లేదు.

ఆ ఇల్లేమీ నీచు ముట్టని ఇల్లు కాదు సుమండీ. ఆదివారం వచ్చిందంటే కోటేశ్వరమ్మ కోడికూర ఘాటు పక్క బజారు దాకా పోతుంది. కానీ మందు వాడే మనిషికి పథ్యం అనేదొకటి ఉంటుంది కదా! ఆవిడ లెక్కలో పప్పు తింటే చీము. గుడ్డు వేడి. పెరుగు వాతం. చేప సంగతి అసలు ఎత్తకూడదు. ఇన్ని తీసేశాక మిగిలిందేంటయ్యా అంటే, పాత బియ్యం మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు, మనసైతే ఇంత బీరకాయ కూర. అరిగిన మోకాళ్ళ కోసం బరువు తగ్గాలని దసరా నాడు శివపార్వతి వారానికో సూది మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమే పథ్యమూ మొదలైంది. ఇప్పుడు మాఘమాసం. కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది, పథ్యం మాత్రం సాగుతూనే ఉంది.

ఇందులో కుళ్ళూ కుచ్చితం ఏమీ లేవు. శ్రీరమ్య పుట్టినప్పుడు బాలింతజ్వరంతో తీసుకుంటున్న కోడల్ని పథ్యం పెట్టి లేపి కూర్చోబెట్టింది ఈవిడే. తల్లి కూడా అంత చెయ్యదని ఊరంతా అనుకున్నారు. ఆ చేత్తోనే ఇప్పుడూ పెట్టింది.

పైగా రోగి కోరిందీ అదే, వైద్యుడు చెప్పిందీ అదే అన్నట్టయింది వ్యవహారం. సూది పడ్డాక శివపార్వతికి అన్నం మీద ధ్యాసే పోయింది. తినొద్దనే అత్త, తినబుద్ధి కాని కోడలు. ఇంక పేచీ ఏముంది? హాయిగా కుదిరిపోయింది, మొన్న పెరటి వెనక కల్లంలో పడేదాకా.

పడటమంటే కాలు జారి పడటం కాదు. పీట మీద కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లబడ్డవీ మచ్చపడ్డవీ తీసి పక్కన పోయడం, అంతే పని. అయిపోయిందని లేవబోయింది. కాళ్ళు లేవలేదు. కాళ్ళెక్కడికి పోయాయో ఆమెకే తెలియలేదు. కాయల రాశి మీద ముందుకి పడిపోయింది. కళ్ళల్లో ముక్కులో మిరపపొడి. కూలికొచ్చిన ఆడవాళ్ళు నలుగురు పట్టుకుంటేగాని లేవలేదు.

నిన్న ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశాక డాక్టరు వాళ్ళని ఇంకో గదికి పంపించాడు. అక్కడ షిరీన్ అని డైటీషియన్. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. శివపార్వతి చెయ్యి పట్టుకుని వేళ్ళతో దండచెయ్యి నొక్కి చూసింది.

“పోయిన వారమంతా ఏం తిన్నారమ్మా?” అని అడిగింది.

శివపార్వతి మొగుడి వంక చూసింది. రామాంజనేయులు కూతురి వంక చూశాడు. శ్రీరమ్య ఒంగోల్లో కాలేజీ లెక్చరరు, ఇంటికి ఏ ఆదివారమో వస్తుంది. ఆ పిల్ల నేల వంక చూసింది.

“ఇంట్లో అన్నీ ఉంటయ్యండీ. పాడి ఉంది. కోళ్ళున్నాయి. దేనికీ లోటు లేదు” అన్నాడు రామాంజనేయులు.

“ఇంట్లో ఏమున్నాయని కాదండీ. ఆవిడ కూర్చుని అన్నం తింటుండగా మీరు ఎప్పుడు చూశారు?”

రామాంజనేయులు మెడలో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆయన తప్పేం లేదు పాపం, అనుకుంది శివపార్వతి. ఎవరూ చూడకుండా తినడం తనే నేర్చుకుంది. కాపురానికి వచ్చిన కొత్తల్లో, దగ్గరి వాళ్ళ పెళ్ళి బంతిలో ఎవరో మగాయన “ఆ పిల్ల విస్తరి చూడండర్రా, ఇద్దరి మెతుకులు ఒక్కతే లాగిస్తంది” అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. ఇప్పటికీ ఆ నవ్వు చెవుల్లో ఉంది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ నలుగురిలో తినలేదు. అందరూ తిని లేచాక, వంటింట్లో, గోడ వైపు తిరిగి, నిలబడే తినేది. ఎవరూ చూడని తిండి కాబట్టి, మానేసినప్పుడు కూడా ఎవరూ చూడలేదు.

“సరే. ఆ కుర్చీలోంచి లేవండమ్మా. చేతులు ఆనించకూడదు” అంది షిరీన్.

శివపార్వతి ముందుకి వంగింది. ఊగింది. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. కూతురు చూస్తోంది, మొగుడు చూస్తున్నాడు. “కాలు తిమ్మిరెక్కింది” అంది, మూడోసారి ప్రయత్నించలేదు.

“తగ్గిందంతా కొవ్వే అనుకుంటున్నారు కదా? కాదమ్మా. కండ కూడా కరిగిపోయింది. ఈ మందు ఆకలిని తగ్గిస్తుంది. ఒంటికి కావలసింది మాత్రం కావలసిందే. ఆకలి వెయ్యలేదని తినకపోతే ఒళ్ళు తన కండ తనే తింటుంది.”

“మా అత్తయ్య పథ్యం పెడుతోందండీ” అంది శివపార్వతి మెల్లిగా. ఏం పథ్యమో చెప్పింది కూడా.

శ్రీరమ్య ఏదో అనబోయింది. షిరీన్ చెయ్యెత్తి ఆపింది.

“మా ఇంట్లోనూ పథ్యం పెట్టేవాళ్ళేనండీ. మాది మీ పక్క దర్శే. పథ్యం తప్పని నేననను. కాకపోతే ఈ మందుకి పథ్యం వేరు. దీనికి గుడ్డే పథ్యం. పప్పే పథ్యం. పెరుగు, చేప, ఇవే పథ్యం. చిన్న పళ్ళెంలో కొంచెం పెట్టుకోండి. ముందు ఇవి తిని, చోటుంటే అన్నం. కడుపు నిండిందనిపిస్తే ఆపెయ్యండి, రెండు మూడు గంటలాగి మళ్ళీ ఇంత. నీళ్ళు గుక్క గుక్కగా తాగుతుండాలి. వాంతి ఆగకపోతే ఫోన్ చెయ్యండి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం రోజూ చెయ్యాలి. మొదట్లో చెయ్యి ఆనించినా సరే.”

శివపార్వతి తలూపింది.

“ఇంకొకటమ్మా. అందరికంటే ముందు తినండి. అందరి ఎదురుగా తినండి.”

ఆ మాటకి మాత్రం తల ఊగలేదు.

తర్వాత డాక్టరు తేల్చి చెప్పేశాడు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, మార్చాల్సిందే. కానీ కొత్త మోకాళ్ళు వేసినా వాటిని లేపాల్సింది తొడల్లో కండే. అది లేకుండా కోస్తే మంచాన పడుతుంది. అందుకని సూది మోతాదు తగ్గిస్తున్నాం. వచ్చే నెల ఇదే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తే ఆపరేషన్‌కి తేదీ ఇస్తాం. లేవకపోతే సూదీ ఆపేస్తాం, ఆపరేషనూ ఉండదు.

మూడేళ్ళుగా శివపార్వతి చేను మొహం చూడలేదు. ఈ ఏడు కాపు ఎట్టా ఉందో మొగుడి మాటల్లో వినడమే. ఒక్కసారి గట్టు మీద నడిచి, తన చేత్తో నాలుగు కాయలు కోసి ఒళ్ళో వేసుకోవాలని ఆమె కోరిక. ఆపరేషన్ లేదంటే ఆ ముచ్చట లేనట్టే. అయినా, నిజం చెప్పాలంటే, ఆమెని అంతకంటే భయపెట్టింది “సూది ఆపేస్తాం” అన్న మాట.

నలభై ఏడేళ్ళ బతుకులో ఈ నాలుగు నెలలే ఆమెకి ఆకలి నుంచి దొరికిన సెలవు. అంతకు ముందు పొద్దున లేచింది మొదలు కడుపులో ఎవరో కూర్చుని పిలుస్తున్నట్టే ఉండేది. తింటే సిగ్గు, తినకపోతే నీరసం. సూది పడ్డాక ఆ పిలుపు ఆగిపోయింది. గారెలు వేసినా, పులిహోర కలిపినా, చెయ్యి దానంతటది నోటి దాకా రావడం మానేసింది. ఊళ్ళోవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఎదురింటి అమీర్‌బీ అయితే “సగమైపోయావు వదినా! ఆ చిట్కా ఏందో నాక్కూడా చెప్పు” అని రోజూ ప్రాణం తోడేది. ఆ మాట కోసమే శివపార్వతి సాయంత్రమయ్యేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇప్పుడు మళ్ళీ తినమంటున్నారు. తింటే ఆ పిలుపు మళ్ళీ మొదలైతే?

ఇదంతా ఎవరికి చెప్పాలి? చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?

“పక్కకి జరుగు నాయనమ్మా, చెయ్యి లాగుతోంది” అంటోంది శ్రీరమ్య వంటింటి దగ్గర.

“లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. ఊరికే అన్లేదు.”

“పెద్దలు నాలుగు నెలలు లంఖణం చెయ్యమన్లేదు!”

“నేను మాడ్చానంటావా? రోజూ అన్నం వండి, చారు కాచి, పళ్ళెం తీసుకెళ్ళి చేతికిచ్చిందెవరు? మీ నాన్నా? నువ్వా? ఆదివారం పూట కారేసుకుని వచ్చి, మీ అమ్మ చిక్కిందని ఫోటో తీసుకుని పోయేదానివి, నువ్వా నాకు చెప్పేది?”

“అవును, నువ్వే ఇచ్చావు. నీ పథ్యమే అమ్మని పడేసింది. ఇంకా అర్థం కాలేదా? నువ్వే పడేశావు నాయనమ్మా!”

పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు, మాడిన వాసన. పొయ్యి కట్టేయడానికి కూడా ఎవరూ కదల్లేదు.

కోటేశ్వరమ్మ చేతులు రెండూ గుమ్మం మీంచి కిందికి దిగాయి. కొంగు భుజం మీద సర్దుకుంది. మనవరాలి వంక చూడలేదు, మంచం మీది కోడలి వంకా చూడలేదు.

“మీ ఇష్టం” అంది. పెరటి వసారాలోకి వెళ్ళిపోయింది.

శ్రీరమ్య పొయ్యి కట్టేసి, పాల గిన్నె దించి, గుడ్లు ఉడకేసింది. గిన్నెలు కావాల్సినదానికంటే గట్టిగా మోగాయి.

“ఎందుకే అంత మాట?” అంది శివపార్వతి మంచం మీంచి.

“నిజమే కదమ్మా.”

“నిజమైతే మాత్రం?”

శ్రీరమ్య కాసేపటికి పళ్ళెంలో రెండు గుడ్లు వలిచి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి తెచ్చింది. కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

“నువ్వు అటు తిరగవే.”

“తిరగను. చూడమంది షిరీన్ గారు.”

“నువ్వు చూస్తుంటే నా వల్ల కాదు.”

“నేను చూడకపోతే తినవు.”

గుడ్డు వాసన ముక్కుకి తగలగానే కడుపు గొంతు దాకా వచ్చింది. శివపార్వతి కళ్ళు మూసుకుంది. చిన్న ముక్క తుంపి నోట్లో పెట్టుకుంది. మెత్తటి తెల్లసొన అక్కడక్కడే తిరిగింది, దిగదు. మందు బిళ్ళ మింగినట్టు ఓ గుక్క నీళ్ళతో దించింది. ఇంకో ముక్క. మూడో ముక్కకి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఏడుపో వెలపరమో ఆమెకే తెలియలేదు. శ్రీరమ్య మాత్రం ఏడుపే అనుకుని తన కళ్ళూ తుడుచుకుంది.

సగం గుడ్డు తినేసరికి ఇంక చాలని చెయ్యెత్తేసింది.

“పర్లేదు. సగమైనా సగమే. వాంతి కాకుండా డాక్టరు రాసిన బిళ్ళలు ఊళ్ళో దొరకలేదు, దర్శి వెళ్ళి తెస్తా” అని శ్రీరమ్య కారు తాళాలు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. “నాయనమ్మ అన్నం తిన్లేదు. నువ్వు చెప్పమ్మా. నేను పిలిస్తే రాదు.”

కారు వెళ్ళిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. శివపార్వతి వెల్లకిలా పడుకుని కడుపులోని సగం గుడ్డుని కాపలా కాస్తోంది. అది కాసేపు పైకి వస్తానంది, కాసేపు ఉంటానంది. చివరికి ఉండిపోయింది.

పెరట్లోంచి మాత్రం ఒక్క చప్పుడూ రావడం లేదు. కోటేశ్వరమ్మ ఇంట్లో ఉందంటే ఏదో ఒకటి మోగుతూనే ఉండాలి. చెంబో, చీపురో, నోరో. ఏదీ మోగకపోయేసరికి శివపార్వతికి భయమేసింది. నిజంగానే గడప దిగి పోయిందా ఏం?

కర్ర ఊతం చేసుకుని లేచింది. మిగిలిన గుడ్ల పళ్ళెం ఇంకో చేత్తో పట్టుకుంది. హాలు దాటి, వంటిల్లు దాటి, గోడకి ఆనుకుంటూ వసారాలోకి వెళ్ళేసరికి ఆయాసం వచ్చింది.

కోటేశ్వరమ్మ ఎక్కడికీ పోలేదు. గోడకి ఆనుకుని పీట మీద కూర్చుని ఉంది. ముందు సత్తు పళ్ళెం. అందులో మెత్తటన్నం, మీద మిరియాల చారు. కలుపుతోంది గానీ తినడం లేదు.

“అత్తయ్యా.”

కోటేశ్వరమ్మ అన్నం కలుపుతూనే ఉంది.

“అత్తయ్యా, మిమ్మల్నే.”

“పో. పోయి గుడ్లు తిను. నేను పెడితే పడిపోతావంటగా.”

నిలబడి మాట్లాడితే ఈవిడ తలెత్తదు. కూర్చుంటే లేవలేనని శివపార్వతికి తెలుసు. అయినా గోడ మీద వీపు ఆనించి, కర్ర పట్టుకుని, మెల్లిగా, అరిగిన మోకాళ్ళు కలుక్కుమంటుండగా నేల మీదికి జారింది. కూలబడినంత పనైంది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి.

“ఓసి నీ దుంపతెగ! ఎందుకు కూర్చున్నావే కింద? ఎవురు లేపుతారు నిన్ను?” అంది కోటేశ్వరమ్మ, అలక మర్చిపోయి.

“తర్వాత చూద్దాం లెండి.”

గోడ అవతల కల్లంలో కూలీల మాటలు, ఎవరో తుమ్మడం వినిపిస్తున్నాయి. అప్పుడు చూసింది శివపార్వతి. పొద్దున వండిన పప్పు, దొండకాయ వేపుడు గిన్నెలు వసారా గట్టు మీద మూతలు పెట్టి అట్టాగే ఉన్నాయి. అత్త పళ్ళెంలో మాత్రం చారన్నం.

“పప్పు వేసుకోలేదేం?”

“నాకొద్దు.”

“వేపుడన్నా?”

“వద్దన్నాగా.”

“కోపం నా మీదా, కూర మీదా?”

కోటేశ్వరమ్మ పళ్ళెంలో వేళ్ళు ఆడించింది. తర్వాత ఎటో చూస్తూ అంది.

“కోపం కాదు. నువ్వు అక్కడ చారు మెతుకులు మింగుతా ఉంటే నా గొంతులోకి కూర ఎట్టా దిగుద్దే? అందరూ తిన్నాక నువ్వు వంటింట్లో, నేనిక్కడ, ఇద్దరం ఒక పూటే తినేవాళ్ళం. ఆ పూటే నీది పథ్యమైపోయింది. ఇంక నేను కూర ఎవురితో తినేది?”

శివపార్వతికి ఒక్క క్షణం అర్థం కాలేదు.

“ఎప్పట్నించి?”

“నువ్వు మొదలుపెట్టినప్పట్నించే.”

“దసరా నుంచా? మీరూ చారన్నమేనా? రోజూనా?”

“నీకు తోడుండాలి కదా. ఒక్కదానివే పథ్యం ఎట్టా చేస్తావు?”

శివపార్వతి అత్త వంక చూసింది. సరిగ్గా చూసింది. జాకెట్టు చేతులు వేలాడుతున్నాయి. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. మెడ దగ్గర ఎముకలు లేచాయి. రోజూ చూస్తున్న మనిషే. ముసలితనం కదా అనుకుంది. అందరూ అంతే అనుకున్నారు. ఇంట్లో ఆఖరున తినేది ఇద్దరాడవాళ్ళు. ఇద్దరూ ఏం తింటున్నారో ఇంటి మగాడికి తెలియదు. సరే, ఆయన మగాడు. మరి తనకేమొచ్చింది? ఈవిడ పళ్ళెంలోకి తనెప్పుడన్నా తొంగి చూసిందా?

“నాకు సూది ఉంది కాబట్టి ఆకలి తెలీదు అత్తయ్యా. మీకు తెలుసుద్దిగా” అంది.

“మొదట్లో తెలిసింది. తర్వాత అలవాటైంది.” కోటేశ్వరమ్మ ముక్కు చీదింది. “ఆ పిల్ల ఎంత మాటంది! నేను పడేశానంట.”

“అది చిన్నది. దానికి నోరే తప్ప బుద్ధి లేదు. నా మాట వినండి. పథ్యం వద్దని చెప్పలేదు ఆసుపత్రిలో. ఆ షిరీన్ గారు ఏమన్నారో తెలుసా? ఈ మందుకి గుడ్డే పథ్యమంట. పప్పే పథ్యమంట.”

“ఏంది?”

“నా ఒట్టు. ‘పథ్యం తప్పని నేననను, ఈ మందుకి పథ్యం వేరు’ అన్నారు. వాళ్ళింట్లో కూడా పెట్టేవాళ్ళంట.”

“మరి ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా ఆ పిల్ల! గుడ్లు తెచ్చి నెత్తిన కొట్టకపోతే!” కోటేశ్వరమ్మ కాసేపు ఆలోచించింది. “ఏ మందుకి ఏ పథ్యమో అది పెట్టాల్సిందే. నాకు చెప్పలేదు కాబట్టి నాకు తెలిసింది పెట్టా. సరే. తిను మరి. నా ముందర తిను.”

“మీరు ముందు.”

“నాకెందుకే? సూది నాకు కాదుగా.”

“నాకు తోడు చేస్తున్నారుగా పథ్యం? పథ్యం మారింది. మీరూ మారాలి. మీరు తింటేనే నేను తింటా.”

“అత్తతో పంతాలా?”

“అవును.”

కోటేశ్వరమ్మ గుడ్ల పళ్ళెం వంక చూసింది. కోడలు తిని వదిలేసిన సగం గుడ్డుని కాదని, మొత్తంగా ఉన్న గుడ్డు తుంచి సగం తను తీసుకుంది. “ఎంగిలిది నువ్వే తిను” అంది. అది నోట్లో పెట్టుకుని నమిలింది. నమిలే కొద్దీ మొహంలో ఏదో మారింది. ఆకలి అలవాటైందంది గదా, అలవాటేం కాలేదు. మిగతా సగం కూడా ఎప్పుడు తీసుకుందో ఆవిడకే తెలియనట్టు తినేసింది. శివపార్వతి గబగబా కళ్ళు తుడుచుకుని, తన సగం గుడ్డు రెండు ముక్కలు చేసి, ఒకటి మింగింది. తర్వాత ఇంకోటి కూడా మింగింది.

“పప్పు కూడా వెయ్యనా మీకు?”

“నువ్వు లేచి వేసేదెట్టా? ఉండు, నేనే తెస్తా.”

“చేతులు ఆనించకుండా లేవండి చూద్దాం. అక్కడ నాకు అదే పరీక్ష పెట్టారు.”

“ఓస్, అదీ ఒక పరీక్షేనా!” అంది కోటేశ్వరమ్మ. ఎందుకనదు? జీవితమంతా పీట మీంచి బిందె చంకనెత్తుకుని లేచిన మనిషి. కోడలు మంచం మీంచి లేవడానికి ఆయాసపడుతుంటే ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో! చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగింది.

లేవలేదు.

నవ్వింది. కొంగు బిగించి మళ్ళీ వంగింది. పీట మీంచి జానెడు లేచి, మళ్ళీ అక్కడే పడింది. ఈసారి నవ్వలేదు.

“కాలు తిమ్మిరెక్కింది” అంది.

నిన్న కుర్చీలో కూర్చుని శివపార్వతీ అదే అబద్ధం చెప్పింది.

అప్పుడే పెరటి తలుపు కిర్రుమంది. రామాంజనేయులు కల్లం నుంచి వచ్చాడు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, తుమ్ముకుంటూ, “అన్నం పెట్టండి. కూలోళ్ళు అక్కడ ఆగున్నారు” అని ఎప్పట్లాగే కేకేశాడు.

లేవడానికి కోటేశ్వరమ్మ చెయ్యి అలవాటుగా నేల మీదికి వెళ్ళింది. శివపార్వతి ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

“మేం తింటున్నాం” అంది మొగుడితో. పెళ్ళైనప్పట్నించి ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. “కాసేపు ఆగండి.”

రామాంజనేయులు తడి చేతుల్తో అట్టాగే నిలబడిపోయాడు. నేల మీద పెళ్ళాం, పీట మీద తల్లి, మధ్యలో గుడ్డు తుంపులు అంటిన పళ్ళెం. పొద్దున గుడ్డు పేరెత్తితే ఇల్లు వదిలి పోతానన్న తల్లి మూతికి పచ్చసొన అంటుకుని ఉంది.

“ఏందిది? ఇద్దరూ కూలబడ్డారేంది?”

“లేవలేక కూర్చున్నాం రా అబ్బాయ్. అడక్కుండా ముందు నన్ను లేపు. తర్వాత ఇద్దరం కలిసి దాన్ని లేపుదాం” అంది కోటేశ్వరమ్మ.

ఆయన వంగి తల్లి చంకల కింద చేతులు వేశాడు. రోజూ మిరపకాయ బస్తాలు ఎత్తే మనిషి, అదే బిగువుతో ఊపిరి బిగబట్టి లేపాడు. ఆవిడ ఒక్కసారిగా పైకొచ్చేసింది. కాళ్ళు నేల మీంచి లేచిపోయాయి. ఆ ఊపుకి ఆయనే రెండడుగులు వెనక్కి తూలి గోడకి తగులుకున్నాడు.

దింపలేదు. పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు. తల్లి చేతుల వంక, మోచేతి దాకా జారిన గాజుల వంక చూశాడు. తర్వాత నేల మీది పెళ్ళాం వంక చూశాడు.

“అమ్మా” అన్నాడు. “నువ్వు కూడా ఆ సూది వేసుకుంటున్నావా?”